కలంకారీలో మన ప్రత్యేకత ఎక్కడుంది: అపోహలు, వాస్తవాలు

"మా వీధిలో అందరూ ఇదే చేస్తారక్కా, నా దగ్గర వేరే ఏముందని చెప్పుకోను?" శ్రీకాళహస్తిలో కలంకారీ పని, అంటే కలంతో బట్ట మీద బొమ్మలు గీసి సహజ రంగులు అద్దే పని చేస్తూ, కొత్తగా సొంత వ్యాపారం పెట్టుకున్నవారికి లెక్కలూ అమ్మకాలూ నేర్పుతూ గడిపిన ఈ పదిహేనేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇది. ఇలా అడిగేవారు పనితనం తక్కువైనవారు కారు. చిన్ననాటి నుంచి ఇంట్లో చూస్తూ వచ్చిన పని కావడం వల్ల, అందులో ఏది అపురూపమో వారి కంటికి ఆనడం మానేసింది. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఆ ఆందోళనలో ఉన్నవారిని విన్నమాటలతో, అరకొర సలహాలతో నష్టాల్లోకి దింపేవారిని మాత్రం నేను సహించలేను.

అపోహ: అందరూ ఒకే పని చేస్తున్నప్పుడు తేడా చూపించగలిగేది ధరలోనే.

వాస్తవం: మా వృత్తిలో ఎక్కువమందిని ముంచినది ఈ నమ్మకమే. కలంకారీ పేరుతో అమ్ముడవుతున్న స్క్రీన్ ప్రింటు దుపట్టాతో ధరలో పోటీపడి చేతిపని గెలవడం అసాధ్యం. గాడా అనే ముతక నూలు బట్టను ఉతికి, కరక్కాయ, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి, పిండి, ఆరబెట్టేసరికే అక్కడ స్క్రీన్ ప్రింటు సరుకు దుకాణానికి చేరిపోతుంది. ధర తగ్గించిన మనిషి ఆ లోటును ఎక్కడో ఒకచోట పూడ్చుకోక తప్పదు, పూడ్చుకునేది ఎప్పుడూ పనిలోని దశలను కుదించే. అంటే ఏ దశలు మనల్ని వేరుగా నిలబెడుతున్నాయో వాటినే మన చేతులతో మనం తీసివేస్తాం.

ఈ తప్పు నేనూ చేశాను. వ్యాపారం పెట్టిన రెండో ఏట ఒక దుకాణం వారు అడిగిన ధరకు ఒప్పుకొని, నలభై దుపట్టాలు నెలలోపు ఇస్తానని మాట ఇచ్చాను. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, తాటిబెల్లం వేసి మూడు వారాల దాకా ఊరనివ్వవలసిన కసింకారాన్ని, అంటే నల్ల గీతలు గీసే ద్రావణాన్ని, పది రోజులకే వడగట్టి వాడాను. నల్లగా, నిండుగా నిలవవలసిన గీత ఉతికేసరికి చాలాచోట్ల బూడిద రంగుకు తిరిగింది. సగం దుపట్టాలు తిరిగి వచ్చాయి, వారు అలా తిప్పి పంపడం న్యాయమే. నాతో పనిచేసిన ఇద్దరికి కూలి ఇవ్వడానికి చేతిగాజులు కుదువ పెట్టవలసి వచ్చింది. ఆ రోజు మా అమ్మ ఏమీ అనకుండా పక్కన కూర్చుని లెక్క రాయించింది, ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ప్రత్యేకత ఎక్కడుందో నాకు తెలిసింది ఆ మరుసటి ఏడాది, ఒక ప్రదర్శనలో. మధ్యాహ్నం వేళ జనం లేక, ఊరికే కూర్చోలేక, ఒక గుడ్డముక్క మీద గీత గీస్తున్నాను. కలం నుంచి దిగేటప్పుడు లేత గోధుమరంగులో ఉన్న ద్రావణం కరక్కాయ పట్టించిన బట్టను తాకగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసినప్పుడు జరిగే మార్పు అది. నాకది నీళ్లు తాగినంత మామూలు విషయం. దాన్ని చూసి దారిన పోతున్న ఒకావిడ ఆగారు, ఆమె వెంట మరో నలుగురు ఆగారు. అంతకుముందు రెండు రోజులుగా "చేత్తో చేసినది" అని రాసిన అట్టముక్కను ఎవరూ కన్నెత్తి చూడలేదు. చేత్తో చేశామని అనడం వేరు, ఆ చెయ్యి ఏం చేసిందో చూపించడం వేరు.

ఇది స్క్రీన్ ప్రింటు సరుకుకూ మనకూ ఉన్న తేడా. పక్కింటివారికీ మనకూ ఉన్న తేడాను ఇంకో చోట వెతకాలి, దానికి నేను చెప్పే మార్గం ఒక్కటే: చివరి ముప్పై అమ్మకాలను తీసుకుని ఎవరు కొన్నారు, కొనేముందు ఏం అడిగారు, మళ్లీ వచ్చినవారు దేనికోసం వచ్చారు అన్నవి రాసుకోవడం. రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పురాణ ఘట్టాల పటాలు వేసేది. పాత కలంకారీ తెరల్లో బొమ్మల పట్టీల కింద కథను తెలుగులో రాసే ఆచారం మనకు ఉంది. వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న ఆ రాతను ఆమె మానేసింది, బయటి రాష్ట్రాల వారికి తెలుగు చదవడం రాదు కాబట్టి అక్షరాలు దండగ అని ఎవరో వ్యాపారి చెప్పాడట. లెక్క రాసి చూస్తే, మళ్లీ మళ్లీ కొన్న ఏడుగురిలో ఐదుగురు అక్షరాలున్న పాత పటాలు కొన్నవారే. అందులో ముగ్గురు విదేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగువారు, ఆ బొమ్మ కింద వేలు పెట్టి పిల్లల చేత చదివిస్తున్నామని రాశారు. ఆమె చేతిరాతలాంటి రాత మా ఊళ్లో ఇప్పుడు మరొకరికి లేదు, ఆ సంగతి ఆమెకు తప్ప కొన్నవారందరికీ తెలుసు. ఇప్పుడు ఆమె ధర నా ధరకన్నా ఎక్కువ, ఆర్డరు ఇచ్చినవారు రెండు నెలలు ఆగుతున్నారు.

అపోహ: భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంటే చాలు, వేరే ప్రత్యేకత అక్కరలేదు.

వాస్తవం: 1999 నాటి చట్టం కింద వచ్చే ఆ గుర్తింపు ఊరిది, పనివిధానానిది. అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోండి, అది నకళ్ల నుంచి రక్షణకు పనికొస్తుంది. మీ పక్కింటివారికీ అదే గుర్తింపు ఉంటుందని మాత్రం మరచిపోకండి.

అపోహ: పెడన అచ్చు కలంకారీ నకిలీది, ఆ మాట చెప్పి మన సరుకు అమ్ముకోవచ్చు.

వాస్తవం: ఇది అన్యాయమైన మాట. పెడనలో చేసేది చెక్క అచ్చులతో, సహజ రంగులతో చేసే మచిలీపట్నం పద్ధతి, అది దానికదే ఒక విద్య, దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంకొకరి కష్టాన్ని తక్కువచేసి అమ్ముకున్న సరుకు మన ప్రత్యేకతను ఏమాత్రం చెప్పదు.

అపోహ: సహజ రంగులు ఎన్నటికీ వెలవవని చెబితే కొనేవారు నమ్ముతారు.

వాస్తవం: మొదటి ఉతుకుదాకా నమ్ముతారు. పటిక పట్టించి మంజిష్ఠతో ఉడికించిన ఎరుపు గట్టిగా నిలుస్తుంది, పసుపు రంగులు ఎండకు అంతకన్నా ముందే తగ్గుతాయి. ఉన్నది ఉన్నట్టు ఒక చీటీ మీద రాసి బట్టతో పాటు ఇవ్వండి: చల్లని నీటిలో విడిగా ఉతకాలి, నీడలో ఆరవేయాలి. కొత్త బట్టకు ఉండే పాలు, కరక్కాయల వాసన గురించి కూడా అందులోనే రాయండి. ఆ వాసనకు క్షమాపణ చెప్పుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, అది రెండు మూడు ఉతుకులకు పోతుంది, స్క్రీన్ ప్రింటు బట్టకు అది ఉండనే ఉండదు.