బ్రెజిల్ పోయిన ఒంగోలు ఆవు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లల్లో పశువులకి ఎదసూదులు వేసే, అంటే ఎదకొచ్చిన ఆవుకి ఆబోతు వీర్యం ఎక్కించే పని నాది, 20 ఏళ్లు దాటింది. ఈ మధ్య ఏ కొట్టం కాడికి పోయినా ముందు ఫోన్ తీసి బ్రెజిల్ ఆవు వీడియో చూపిస్తన్నారు. మొన్న మద్దిపాడు దగ్గర ఒక పెద్దాయన, పొద్దున్నించి ఆవు తీగలేస్తంది రా అబ్బయా అంటే (ఎదకొచ్చిందని గుర్తు) సాయంత్రం పోయా. గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టాన్ని, అదే స్ట్రాని, గోరువెచ్చని నీళ్లల్లో వేసి అర నిమిషం లెక్కపెట్టుకుంటంటే ఆయన మనవడు ఫోన్ నా మొహం ముందు పెట్టి "అన్నా, ఇది మన ఒంగోలు ఆవేనంట, 40 కోట్లంట, మరి మాదెంత?" అనడిగాడు. అప్పుడు హడావుడిలో సగమే చెప్పా, మిగతాది ఇక్కడ రాస్తన్నా.

అపోహ: ఒంగోలు ఆవు 40 కోట్లకి అమ్ముడుపోయింది

ఆ ఆవు పేరు వియాటినా-19, నెలోర్ జాతి (మన ఒంగోలు పశువుల నుంచి బ్రెజిల్లో పెరిగిన జాతి), బరువు 1,101 కిలోలు. 2023లో వేలంలో అమ్మింది మొత్తం ఆవుని కాదు, అందులో మూడో వంతు వాటా. ఆ వాటాకి పలికిన రేటుని మూడుతో హెచ్చేస్తే ఆవు విలువ దాదాపు 43 లక్షల డాలర్లు తేలింది, మనోళ్లు కోట్లల్లో చెప్పేది ఈ లెక్కే. అంత పెట్టేది దాని అండాలు తీసి, పిండాలు చేసి, వేరే ఆవుల కడుపుల్లో పెట్టి దూడలు పుట్టించుకోడానికి. దానికి తల్లెవరు, తండ్రెవరు, తాత ఎవరు అని తరతరాల రికార్డు ఉంది. మన కొట్టాల్లో ఈ ఆవు తండ్రి ఏ ఆబోతు అని అడిగితే టక్కున చెప్పే ఇళ్లు చాలా తక్కువ, నాకు బాధనిపించేది అక్కడే.

అపోహ: విదేశీయులు మన జాతిని దొంగతనంగా ఎత్తుకుపోయారు

1868లో ఇంగ్లండ్ పోయే ఒక ఓడ బ్రెజిల్లో సాల్వడార్ రేవులో ఆగితే అందులో ఉన్న ఒంగోలు జంటని అక్కడ అమ్మారు. 1878లో అక్కడి రైతు ఒకాయన జర్మనీలో హాంబర్గ్ జూలో ఇంకో జంటని చూసి కొనుక్కుపోయాడు. 1960 దాకా, ఆ తర్వాత కూడా మనూళ్లల్లో తిరిగి బేరమాడి కొనుక్కున్నారు, 1962లో పోయిన వాటిల్లో ఒక ఆబోతు పేరు కార్వాడి, అంటే ఒంగోలు దగ్గర మన కరవది ఊరి పేరే! ఆ పేరు ఇప్పటికీ వాళ్ల వంశావళి పుస్తకాల్లో ఉంది. మనం అమ్మాం, వాళ్లు కొన్నారు. ఇక నెలోర్ అనే పేరంటారా, మొదటి జంటలు పోయిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో గదా. ఇండోనేషియాలో సుంబా ఒంగోలు అని మన పేరే ఉంది, అమెరికా బ్రాహ్మన్ జాతిలో కూడా మన రక్తం ఉంది.

అపోహ: బ్రెజిల్లో మన ఆవు 40 లీటర్ల పాలిస్తది

ఇవ్వదు. అక్కడ నెలోర్‌ని పెంచేది మాంసానికి. చెప్పడానికి నాకూ మనసొప్పదు గానీ నిజం అదే. అక్కడ పాలకి ఎక్కువగా గుజరాత్ గిర్ ఆవుని హోల్‌స్టీన్ అనే విదేశీ పాల జాతితో కలిపి చేసిన గిరోలాండోని వాడతారు, వీడియోల్లో పెద్ద పొదుగుతో కనపడేవి చాలావరకు అవే.

అపోహ: సూదులొచ్చాకే మన జాతి పోయింది

ఈ మాట ఎక్కువ వింటా కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. సూది జాతిని పాడుచెయ్యదు, స్ట్రాలో ఏ ఆబోతు వీర్యం ఉందో ఆ దూడే పుడతది. నా నైట్రోజన్ క్యాన్‌లో మైనస్ 196 డిగ్రీల్లో జెర్సీ స్ట్రాలూ ఉంటాయి, ఒంగోలు స్ట్రాలూ ఉంటాయి, పాలు కావాలని జెర్సీ అడిగేది రైతే. అసలు దెబ్బ కొట్టింది ట్రాక్టర్. ఎద్దుకి దుక్కి లేదు, బండి లేదు, ఇక కోడెదూడ పుడితే ఏం చెయ్యాలో తెలియక అమ్మేస్తన్నారు. మేపుకునే బీళ్లల్లో జామాయిల్, సుబాబుల్ వేశారు, పేపరు మిల్లులకి. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి రేటు కడతారు కాబట్టి ఇంటికో గేదె వచ్చింది. బండలాగుడు పోటీల వల్ల గిత్తలకి లక్షల రేటు ఉంది, సంతోషమే, కానీ ఆ గిత్తని కనే ఆవుని ఎవరు మేపుతన్నారు? గుంటూరు దగ్గర లాం ఫారంలో, ఇక్కడ చదలవాడలో జాతిని నిలబెడతన్నారు, కానీ ఫారాల్లో నిలబడితే సరిపోదు, ఊళ్లల్లో నిలబడాలి.

ఆ పెద్దాయన ఆవుకి ఒంగోలు స్ట్రానే వేశా. స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటది, ఆ పిల్లోడి చేత గోడ క్యాలెండర్ మీద తేదీతో సహా రాయించా. 21వ రోజుకి మళ్లీ తీగలేస్తే ఫోన్ చెయ్యమన్నా, లేకపోతే మూడో నెలలో వచ్చి చూడి చూస్తానని చెప్పొచ్చా.