వాళ్ళ వల పడిందని మీరు గాలం వేయకండి: వాషింగ్టన్ నదులు, అపోహలు - వాస్తవాలు

సెప్టెంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే రకం ఫొటోలు. వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ దగ్గరి గ్రీన్ నదికి అడ్డంగా వరసగా తేలుతున్న తెల్ల బెండ్లు, వాటి కింద గిల్‌నెట్ (మొప్పల దగ్గర చేపని పట్టేసే వల), పక్కనే చిన్న అల్యూమినియం పడవ. ఫొటో కింద ప్రశ్న: "అన్నా, నది ఓపెన్ అయినట్టేగా?"

కాలేదు. ట్రైబ్ వాళ్ళ, అంటే ఇక్కడి ఆదివాసీ తెగలవాళ్ళ, సీజన్ వేరు, మన సీజన్ వేరు. గ్రీన్ నదిలో పట్టే మకల్‌షూట్ తెగవాళ్ళు ఈ రోజు వల వేశారంటే, వాళ్ళ ట్రైబ్ వాళ్ళకి ఈ రోజు అనుమతి ఇచ్చిందని అర్థం, అంతే. మన గాలానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ. ప్యూజెట్ సౌండ్ (సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ) వైపు నదుల్లో పద్ధతి ఏమిటంటే, రూల్స్ పుస్తకంలో ఓపెన్ అని రాసి ఉంటేనే ఓపెన్. రాయలేదంటే మూసినట్టే. నేను ఇక్కడ ఫిషింగ్ గైడ్‌ని. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళని ఎక్కువగా దెబ్బతీసేది ఈ ఒక్క అపోహే కాబట్టి ముందు దీని సంగతే చెప్తాను.

కెంట్ దగ్గర ఒక కుర్రాడు, భార్యాబిడ్డలతో వచ్చాడు. కొత్త రాడ్, రీలుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. పొద్దున ఎగువన వలలు చూశాడు, దిగువన గాలం వేశాడు. నేను అటు వెళ్ళేసరికి గడ్డి మీద రెండడుగుల చేప, వెండిలా మెరుస్తోంది. వీపు మీద తోకకి కాస్త ముందు ఉండే చిన్న మెత్తటి రెక్క, అడిపోజ్ ఫిన్, చెక్కుచెదరకుండా ఉంది. అంటే పెంపక కేంద్రంలో ఆ రెక్క కత్తిరించి వదిలిన హ్యాచరీ చేప కాదు, నదిలో సహజంగా పుట్టిన వైల్డ్ స్టీల్‌హెడ్. వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ అప్పటికే టికెట్ రాస్తున్నాడు. లైసెన్సు ఉంది, కానీ మూసిన నదిలో లైసెన్సు పనికిరాదు. చేపా పోయింది, రాడ్డూ పోయింది. ఆ అబ్బాయి నావైపు తిరిగి, "వాళ్ళు వలేసి వంద పడితే తప్పు లేదు, నేను ఒక్కటి పడితే తప్పా అన్నా?" అన్నాడు.

ఈ ప్రశ్న వెనకాలే రెండో అపోహ ఉంది: అమెరికా ప్రభుత్వం ట్రైబ్స్‌కి ఏదో కోటా ఇచ్చిందని. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. 1854, 1855లలో గవర్నర్ ఐజక్ స్టీవెన్స్ ఇక్కడి తెగలతో ఒప్పందాలు రాయించుకున్నాడు. మెడిసిన్ క్రీక్, పాయింట్ ఇలియట్, ఇలా వరసగా. లక్షల ఎకరాలు తెగల చేతుల్లోంచి పోయాయి. తాము తరతరాలుగా చేపలు పట్టే చోట్ల, పౌరులందరితో పాటు, చేపలు పట్టే హక్కు మాత్రం వాళ్ళు వదులుకోలేదు. పొలం అమ్ముతూ బావిలో నా వాటా నాదే అని దస్తావేజులో రాయించుకున్న రైతుని, ఆ నీళ్ళు నువ్వెందుకు తోడుతున్నావని కొన్నవాడు అడగొచ్చా? 1905లోనే అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది: ఒప్పందం తెగలవాళ్ళకి ఇచ్చిన హక్కుల పత్రం కాదు, తెగలవాళ్ళు ఇచ్చిన హక్కుల పత్రం; ఇవ్వనిది వాళ్ళ దగ్గరే ఉంది.

తేలిన మాట అమలు కావడానికి మాత్రం డెబ్బై ఏళ్ళు పట్టింది. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని 1945లో, పద్నాలుగేళ్ళ వయసులో, చేపలు పట్టాడని మొదటిసారి అరెస్టు చేశారు. మొత్తం మీద యాభైసార్లకి పైగా. 1974 ఫిబ్రవరి 12న ట్రైబ్స్‌కి చేపల్లో సగం వాటా ఉందని జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు వచ్చింది, 1979లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అప్పట్నుంచి రాష్ట్రం, ట్రైబ్స్ కలిసి చేపల్ని నిర్వహిస్తున్నాయి.

ఆ తీర్పులోని "సగం వాటా" మీద పుకార్లకి అంతు లేదు. నదిలో ఉన్న చేపల్లో సగం కాదండీ! గుడ్లు పెట్టడానికి పైకి వెళ్ళాల్సిన చేపల్ని ముందు పక్కన పెట్టాలి. ఆ పైన మిగిలినదాంట్లో సగం వరకు. మిగలకపోతే ఎవరికీ లేదు. ట్రైబ్స్‌కి అడ్డూ అదుపూ లేదన్నదీ అబద్ధమే. వాళ్ళకి సొంత సీజన్లు, సొంత ఆఫీసర్లు, సొంత కోర్టులు, సొంత బయాలజిస్టులు ఉన్నారు. అమ్మిన చేపలకి లెక్క రాయాలి. చివరి స్టీల్‌హెడ్‌ని కూడా వలలో వేసుకునే హక్కు ఒప్పందం ఇవ్వదని 1973లో ప్యూయాలప్ కేసులో సుప్రీంకోర్టే అంది. ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్ 2007లో ముప్పులో ఉన్న జాతుల జాబితాకి ఎక్కిందంటే దానికి డ్యాములు, దారి మూసేసిన కల్వర్టులు, పాడైపోయిన వాగులు చాలావరకు కారణం. ఒడ్డున నిలబడి కనిపించిన వలని తిట్టడం తేలిక, రోడ్డు కింద కల్వర్టు ఎవరి కంటికీ కనపడదు.

ఆ అబ్బాయి రాత్రి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. వచ్చే నెల ఇండియాలో వీసా స్టాంపింగ్. ఇలాంటి భయంతో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది: టికెట్ వేరు, అరెస్టు వేరు, శిక్ష పడటం వేరు. కాగితం మీద అది ఇన్‌ఫ్రాక్షనా (జరిమానాతో పోయే ఉల్లంఘన), మిస్‌డిమీనరా (చిన్న క్రిమినల్ నేరం) అన్నది ముందు చూడండి. మూసిన నదిలో పట్టడం, ఉంచుకోకూడని చేపని ఉంచుకోవడం క్రిమినల్ కేసు కావచ్చు, వీసా ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది. గడువులోపు జవాబివ్వండి, కోర్టు తేదీ ఉంటే తప్పించుకోవద్దు, డబ్బు కట్టి వదిలించుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. "ఏం కాదులే" అనే స్నేహితుడి మాట, "డిపోర్ట్ చేస్తారట" అనే స్నేహితుడి మాట, రెండూ వినకండి.

మిగతావి గబగబా. ట్రౌట్ వేరే చేప, స్టీల్‌హెడ్ వేరే చేప అనుకుంటారు. సముద్రానికి వెళ్ళొచ్చిన రెయిన్‌బో ట్రౌటే స్టీల్‌హెడ్, 20 అంగుళాలు దాటితే దానికి స్టీల్‌హెడ్ రూల్సే. వదిలేయాల్సిన స్టీల్‌హెడ్‌ని ఫొటో కోసం నీళ్ళలోంచి పూర్తిగా పైకెత్తడం కూడా నేరమే. సెలెక్టివ్ గేర్ అని రాసిన చోట ఎర పెట్టకూడదు, గాలం కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు. పుస్తకం చూశాం చాలు అనుకోకండి, ఎమర్జెన్సీ రూల్ పుస్తకాన్ని కొట్టేస్తుంది. బయల్దేరే రోజు పొద్దున శాఖ వెబ్‌సైట్ చూడండి. ట్రైబ్ మెంబరైన కొలీగ్ పక్కనుంటే మనకి లైసెన్సు అక్కర్లేదన్నది వట్టి మాట, ఆ హక్కు ఆ తెగది, పక్కన కూర్చున్నవాడికి అంటుకోదు. రిజర్వేషన్, అంటే తెగ సొంత భూభాగం, నీళ్ళలో పట్టాలంటే ఆ ట్రైబ్ పర్మిట్ కావాలి. క్వినాల్ట్ సరస్సుకి అలాగే తీసుకుంటాం.

ఇంకొకటి, ట్రైబ్ వాళ్ళ దగ్గర చేప కొనడం తప్పని భయపడేవాళ్ళున్నారు. తప్పు కాదు. సీజన్‌లో వాళ్ళు రోడ్డు పక్కనే సాల్మన్ నేరుగా అమ్ముతారు. రసీదు అడిగి తీసుకోండి, ఐసు డబ్బా పట్టుకెళ్ళండి, తల కూడా ఉంచమనండి, పులుసుకి బాగుంటుంది.