డ్రమ్స్ నేర్చుకుంటున్న పిల్లలకు, హెడ్‌ఫోన్ల సంగతి

అమలాపురం.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

చర్చిలో వాయించడానికి డ్రమ్స్ నేర్చుకుంటున్నామనీ, తాళం తప్పకుండా టిక్ టిక్ మని లెక్క చెప్పే మెట్రోనోమ్ క్లిక్ వింటూ సాధన చేయడానికి ఎలాంటి హెడ్‌ఫోన్లు కొనాలో చెప్పమనీ రాశారు. నేను ముప్పై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల్లో, తీర్థాల్లో సైడ్ డ్రమ్ము వాయించినవాణ్ణి. చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. పెట్టుకున్నా పెద్దగా అక్కరకు వచ్చేది కాదని తరువాత తెలిసింది. ఇప్పుడు అర్ధరాత్రి కొబ్బరాకు కదలకపోయినా నా ఎడమ చెవిలో కీచురాయి అరుస్తూనే ఉంటుంది.

బయటి మోతను అడ్డుకునే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కింటివారికి గోల తగ్గుతుందని మీలో ఒకరు రాశారు. తగ్గదు. అవి కాపాడేది పెట్టుకున్నవారి చెవులనే. మధ్యాహ్నం కునుకు తీసే పెద్దవారి కోసమైతే రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాయించండి.

అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నయోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అలా లెక్కిస్తే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే, గదిలో గట్టిగా వాయించే డ్రమ్ సెట్టు ఆ మోతను సులువుగా దాటుతుంది. మామూలు ఇయర్‌ఫోన్లతో ఆ మోతలో క్లిక్ వినబడదు కాబట్టి వాల్యూమ్ పెంచుతారు, ఇంకా పెంచుతారు, చివరికి స్నేర్ అనే చురుకైన డ్రమ్ము దెబ్బకు తోడు క్లిక్ కూడా చెవిని పొడుస్తుంది. బయటి మోతను అడ్డుకునే హెడ్‌ఫోన్ల అసలు ఉపయోగం క్లిక్‌ను తక్కువ వాల్యూమ్‌లో విననివ్వడమే.

మోత ఎంత తగ్గుతుందో చెప్పే పెట్టె మీది అంకెను చూసి మురిసిపోకండి. విక్ ఫర్త్ కంపెనీ డ్రమ్మర్ల కోసం చేసే ఎస్‌ఐహెచ్2 రకం 25 డెసిబెల్స్ తగ్గిస్తుందని చెబుతుంది. సెన్‌హైజర్ కంపెనీ తన హెచ్‌డి 280 ప్రో రకానికి 32 వరకు అంటుంది. ఆ "వరకు" అన్న మాటను గమనించండి. హెడ్‌ఫోన్ల మెత్తటి దిండ్లు చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోకపోతే ఆ అంకెలో చాలా భాగం గాలికి పోతుంది. అయినా 15 డెసిబెల్స్ నిజంగా తగ్గినా చాలు, పైన చెప్పిన 15 నిమిషాలు 8 గంటలవుతాయి. అయితే క్లిక్ వాల్యూమ్ కూడా తక్కువగా ఉంచాలి.

కొనేముందు పెట్టుకుని చూడండి. మీలో కళ్లద్దాలున్నవారు వాటిని తీయకుండానే పెట్టుకోవాలి, ఎందుకంటే కళ్లద్దాల కాడ దిండు కింద చేసే సన్నని సందు చాలు, మోత లోపలికి రావడానికి. ఇంట్లో అమ్మ మిక్సీ వేసినప్పుడు పెట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది: కీచుమనే పైశబ్దం బాగా తగ్గి, అడుగున గుర్రుమనే శబ్దం కొంత మిగులుతుంది. సెట్టు దగ్గరా అంతే, సింబల్ అనే లోహపు పళ్లెం మోత అణిగినంతగా కాలితో కొట్టే కిక్ డ్రమ్ము అణగదు. అది లోపం కాదు, ఈ రకం తీరే అంత.

నాయిస్ క్యాన్సలింగ్, అంటే ఎలక్ట్రానిక్ పద్ధతిలో మోతను అణిచేవి అని రాసి ఉన్నవాటికి ఎక్కువ డబ్బు పోయకండి. బస్సు ఇంజను, ఫ్యాను వంటి ఎడతెగని మోతను అవి బాగా అణుస్తాయి గానీ, ఒక్కసారిగా పడే స్నేర్ దెబ్బను అందుకోలేవు. బ్లూటూత్ కూడా వద్దు. శబ్దం కాస్త ఆలస్యంగా అందుతుంది, ఆ ఆలస్యమే తాళాన్ని చెడగొడుతుంది. వైరు ఉన్నదే తీసుకోండి.

మన కోనసీమ ఉక్కకు ఆ దిండ్ల తోలు చెమటతో నాని పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకని దిండ్లు విడిగా దొరికే రకాన్నే ఎంచుకుని, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట కొక్కేనికి తగిలించండి.

ఇట్లు,
మీ తాతయ్య