ఎయిడ్స్ సర్వే అంకెలు, వెయిట్లు: అపోహలు – వాస్తవాలు

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట గుర్తించింది చెన్నైలోనే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల ఆ పని చేశారు. అదే ఊళ్లో నేను ఆరోగ్య సర్వేల డేటాతో పనిచేస్తున్నాను. ఈ జబ్బు గురించి జనానికి ఏం తెలుసు, అది ఉన్నవాళ్లను ఎలా చూస్తున్నారు అనే లెక్కలు తప్పుగా బయటికి వెళ్తుంటే నాకు బాధగా ఉంటుంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పబ్లిక్ హెల్త్ చదవడానికి ఇక్కడికి వచ్చే మన పిల్లలు ప్రాజెక్టుల కోసం ఎక్కువగా పట్టుకునేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ డేటానే. వాళ్ల దగ్గర, అప్పుడప్పుడు విలేకరుల దగ్గర, నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: శాంపిల్ లక్షల్లో ఉంది. ఇక వెయిట్లు ఎందుకు?

వాస్తవం: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో (2019–21) 7,24,115 మంది మహిళలను, 1,01,839 మంది పురుషులను ప్రశ్నించారు. నిజమే, పెద్ద సంఖ్య. కానీ అడిగిన ప్రతి మనిషీ ఒకే సంఖ్యలో జనానికి ప్రతినిధి కాదు. ఆ తేడాను సరిచేయడానికి ఒక్కొక్కరి జవాబుకు లెక్కలో ఇచ్చే బరువే వెయిట్. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండంతా ఒకే సెగ మీద ఉడికింది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. సమాజం అలా ఉండదు.

చెన్నైనే తీసుకోండి. 2005–06లో జరిగిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-3లో చెన్నై, హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో మురికివాడలకు విడిగా, మిగతా ప్రాంతాలకు విడిగా శాతాలు ఇవ్వాలనుకున్నారు. అందుకోసం చెన్నై లాంటి చోట్ల మురికివాడల్లో వాళ్ల జనాభా వాటా కన్నా ఎక్కువ ఇళ్లు తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు చెప్తాను. ఒక నగరంలో నాలుగో వంతు జనం మురికివాడల్లో ఉన్నారు, శాంపిల్‌లో మాత్రం సగం మంది అక్కడివాళ్లే. ఎయిడ్స్ గురించి విన్నవాళ్లు మురికివాడల్లో 60%, బయట 80%. వెయిట్ లేకుండా సగటు తీస్తే 70% వస్తుంది. అసలు వాటాల ప్రకారం మురికివాడ మనిషికి 0.5, బయటి మనిషికి 1.5 వెయిట్ ఇస్తే 75% వస్తుంది. సరైనది రెండోదే. శాంపిల్‌ను పదింతలు చేసినా ఆ 70 కాస్తా 75 అవదు. తప్పు అలాగే ఉండి, దాని మీద మన నమ్మకం మాత్రం పెరుగుతుంది.

అదే సర్వేలో రాష్ట్ర స్థాయి హెచ్‌ఐవీ లెక్క కోసం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, మణిపూర్ లాంటి చోట్ల శాంపిల్ పెంచారు. వెయిట్ వదిలేసి దేశం మొత్తానికి సగటు తీస్తే ఈ రాష్ట్రాల గొంతు గట్టిగా వినబడుతుంది.

అపోహ: ఆసుపత్రి రక్తపరీక్షలే అసలు నిజం. ఇంటింటి సర్వే ఉత్త కబుర్లు.

వాస్తవం: దీనికి జవాబు మన గుంటూరులోనే ఉంది. అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల అంచనా ముఖ్యంగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణుల రక్తనమూనాల మీద, సుఖవ్యాధుల క్లినిక్‌ల నమూనాల మీద ఆధారపడేది. గుంటూరు జిల్లాలో ఇళ్లకు వెళ్లి నమూనాలు సేకరించిన పరిశోధకులు 2006లో ఫలితాలు ప్రచురించారు. పాత పద్ధతి అంచనా అసలు ఉన్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువని తేలింది. కారణాలు వెతికితే అర్థమయ్యేవే. పెద్ద సర్కారు ఆసుపత్రికి వచ్చేవాళ్లలో పేదలు ఎక్కువ. పైగా హెచ్‌ఐవీ ఉందని తెలిసినవాళ్లను, ఉందేమో అని అనుమానం వచ్చినవాళ్లను ప్రైవేటు డాక్టర్లు అక్కడికే పంపేవారు.

తర్వాత ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-3 లక్షకు పైగా మందికి పరీక్ష చేసి, 15–49 ఏళ్లవారిలో 0.28% మందికి హెచ్‌ఐవీ ఉందని చెప్పింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 0.97%. 2007లో దేశ అంచనా 50 లక్షల పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. జబ్బు ఒక్క ఏడాదిలో సగమైపోలేదు. ఎవరిని లెక్కిస్తున్నామన్నది మారింది, అంతే. ఇంటింటి సర్వేకూ లోటు ఉంది. లాడ్జీల్లో, హాస్టళ్లలో, రోడ్డు పక్కన ఉండేవాళ్లు అందులోకి రారు. అందుకే ఎక్కువ ముప్పు ఉన్న వర్గాల గురించి క్లినిక్‌లు, ప్రత్యేక కేంద్రాల సమాచారాన్ని కూడా కలిపి ఆ కొత్త అంచనా వేశారు.

అపోహ: ప్రశ్నకు జవాబు ఇచ్చినవాళ్లలో శాతం తీస్తే చాలు.

వాస్తవం: నేను చూసే ప్రాజెక్టు రిపోర్టుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. సర్వేలో మొదట "ఎయిడ్స్ అనే జబ్బు గురించి ఎప్పుడైనా విన్నారా?" అని అడుగుతారు. లేదు అంటే దోమ కాటుతో వస్తుందా, కలిసి తింటే వస్తుందా అనే ప్రశ్నలు అడగరు. డేటాలో ఆ గడులు ఖాళీగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఖాళీలను తనంతట తానే తీసేస్తుంది. అంటే అసలు పేరే వినని ఆడవాళ్లు లెక్కలోంచి మాయమైపోతారు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-3లో విన్న మహిళలు 61% మాత్రమే. మిగతా 39% మందిని వదిలేసి "మహిళల్లో ఇంత శాతానికి తెలుసు" అంటే, ఎవరికి సమాచారం అందలేదో సరిగ్గా వాళ్లనే తుడిచేసినట్టు. వెయిట్ ఎంత జాగ్రత్తగా వేసినా ఈ తప్పును పట్టుకోలేదు.

'సమగ్ర అవగాహన' అన్న కొలతకు అందరూ హారంలో ఉండాలి. కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుందని, జబ్బు లేని ఒకే భాగస్వామితో ఉంటే తగ్గుతుందని, పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషికీ హెచ్‌ఐవీ ఉండొచ్చని తెలియాలి. ఆపైన రెండు సాధారణ అపోహలను కాదనాలి. ఐదూ సరిగ్గా చెబితేనే లెక్క. "తెలియదు" అంటే తెలియనట్టే, దాన్ని ఖాళీగా మార్చకూడదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ఇలా చెప్పగలిగినవాళ్లు మహిళల్లో సుమారు 22%, పురుషుల్లో సుమారు 31%. ఇన్నేళ్ల ప్రచారం తర్వాత కూడా పరిస్థితి ఇది.

ఏళ్ల మధ్య పోలికలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-2 (1998–99) పెళ్లయిన మహిళలనే అడిగింది, వాళ్లలో విన్నవాళ్లు 40%. మూడో సర్వేలో పెళ్లికానివాళ్లూ ఉన్నారు. కాబట్టి 40 పక్కన పెట్టాల్సింది 61 కాదు, అందులో పెళ్లయినవాళ్ల శాతం, అంటే 57.

అపోహ: వెయిట్ వేస్తే దాచిన మాటలూ సర్దుకుంటాయి.

వాస్తవం: వెయిట్‌కు తెలిసింది ఎవరు ఎంతమందికి ప్రతినిధి అన్నదే. ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట నిజమో కాదో దానికి తెలియదు. ఎయిడ్స్ ఉన్న కొట్టువాడి దగ్గర కూరగాయలు కొంటారా, ఇంట్లో ఎవరికైనా వస్తే చూసుకుంటారా, హెచ్‌ఐవీ ఉన్నా జబ్బు పడని టీచరమ్మను బడిలో కొనసాగనివ్వాలా అని అడుగుతారు. మంచిగా కనిపించాలని చాలామంది "కొంటాం", "చూసుకుంటాం" అంటారు. పక్క గదిలో అత్తగారు ఉంటే కండోమ్ ప్రశ్నకు కోడలు "తెలియదండీ" అని తల దించుకోవచ్చు. ఇక్కడ పనికొచ్చేది మంచి శిక్షణ ఉన్న ఇంటర్వ్యూయర్, కాస్త ఏకాంతం. వివక్షను నిషేధించే హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. చట్టం వచ్చాక "కొంటాం" అనేవాళ్లు పెరిగితే మనసులు మారాయా, చెప్పే జవాబు మారిందా అన్నది ఆ ఒక్క శాతం చూసి తేల్చలేం.

అపోహ: వెయిట్లన్నీ కలిపితే జనాభా వస్తుంది.

వాస్తవం: సర్వేను బట్టి ఉంటుంది. అమెరికాలో 1987 ఆగస్టు నుంచి జాతీయ ఆరోగ్య ఇంటర్వ్యూ సర్వేలో ఎయిడ్స్ అవగాహన, వైఖరుల ప్రశ్నలు చేర్చారు. అక్కడి వెయిట్లు కలిపితే దేశంలోని పెద్దల సంఖ్యకు చేరతాయి. మన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ వెయిట్లు అలా కాదు, కలిపితే శాంపిల్ సంఖ్యే వస్తుంది. డేటాలో మహిళల వెయిట్ ఉండే వీ005 అనే గడిలోని అంకెను పది లక్షలతో భాగించి వాడాలి. మరచిపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్కో మహిళను లక్షల మందిగా లెక్కేసి, ప్రతి చిన్న తేడానూ గొప్ప ఫలితంగా చూపిస్తాయి. పురుషులకు వేరే వెయిట్, రక్తపరీక్షకు వేరే వెయిట్. పరీక్ష వద్దన్నవాళ్లు అన్ని వర్గాల్లోనూ ఒకేలా ఉండరు, అందుకే ఆ చివరిది.

అపోహ: శాతం వచ్చేసింది, పని అయిపోయింది.

వాస్తవం: వెయిట్ శాతాన్ని సరిచేస్తుంది. ఆ శాతం ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పాలంటే క్లస్టర్ (ఇళ్లను ఎంచుకున్న ఊరు లేదా వీధుల గుంపు), స్ట్రాటా (శాంపిల్ తీసే ముందు జనాన్ని విడగొట్టిన వర్గాలు) కూడా సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఒక్కో క్లస్టర్‌లో 22 ఇళ్ల దాకా తీసుకుంటారు. ఆ ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్త ఒక్కరే, చూసే గోడ పోస్టరూ ఒక్కటే. జవాబులు ఒకేలా ఉండడం సహజం. వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని జవాబులుగా లెక్కిస్తే, లేని కచ్చితత్వం వచ్చినట్టు కనిపిస్తుంది.

అపోహ: చెన్నై తెలుగువాళ్లను వేరు చేసి వెయిట్ వేస్తే మనవాళ్ల అవగాహన తెలుస్తుంది.

వాస్తవం: ఈ కోరిక నాకూ ఉంది. ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగింది, మాతృభాష ఏమిటి అని ప్రశ్నపత్రంలో నమోదు చేస్తారు కాబట్టి చేసేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4, 5 సర్వేల్లో హెచ్‌ఐవీ ప్రశ్నలు సుమారు 15% ఇళ్లలోనే అడిగారు. రాష్ట్రానికి లెక్క ఇవ్వడానికి అవి చాలతాయి, జిల్లాకు చాలవు. చెన్నై జిల్లాకే చాలని చోట అందులో తెలుగు మాట్లాడేవాళ్లను విడదీస్తే, వ్యాసర్పాడిలోనో కొళత్తూరులోనో ఉన్న ఒకటి రెండు క్లస్టర్లే ఊరంతటి తెలుగువాళ్ల తరఫున మాట్లాడతాయి. తక్కువమందికి పెద్ద వెయిట్ ఇచ్చినంత మాత్రాన వాళ్లు ఎక్కువమంది అయిపోరు.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రిపోర్టులే ఈ విషయంలో ఒక పద్ధతి పాటిస్తాయి. వెయిట్ వేయకముందు 25 మంది కూడా లేకపోతే ఆ శాతం ముద్రించరు, 25 నుంచి 49 మంది ఉంటే బ్రాకెట్లలో పెడతారు. మీ పట్టికలో ప్రతి శాతం పక్కనా వెయిట్ వేయని సంఖ్య రాయండి. తెలుగువాళ్ల గడిలో అది 18 అని ఉంటే ఆ గడి ఖాళీగా వదలండి. నిజంగా తెలుసుకోవాలంటే తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వార్డుల్లో వేరే సర్వే చేయాలి, తెలుగులో అడగాలి, ఆ శాంపిల్‌కు తగిన వెయిట్లు మొదటి రోజునే రాసిపెట్టుకోవాలి.