పేదరికం లెక్కలో ఆ రెండు గడులు

మన దేశంలో తీవ్ర పేదరికం 2011-12లో 27.1 శాతం ఉండేదని, 2022-23 నాటికి 5.3 శాతానికి తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో లెక్కగట్టింది. కొనుగోలు శక్తి ప్రకారం రోజుకు 3 డాలర్ల రేఖ మీద వచ్చిన అంకెలివి. మరుసటి నెలలోనే కేంద్రం వినియోగ వ్యయంలో అసమానతను కొలిచే గిని సూచీ (సున్నా అంటే పూర్తి సమానత్వం, వంద అంటే పూర్తి అసమానత) 25.5 అని చూపి, సమానత్వంలో మనది ప్రపంచంలో నాలుగో స్థానమని ప్రకటించింది. దాంతో పేదరికాన్ని ఎలా కొలవాలన్న పాత పేచీ మళ్లీ రాజుకుంది.

ఈ పేచీకి అసలు మూలం 1999-2000 నాటి 55వ విడత జాతీయ నమూనా సర్వేలో ఉంది. అంతకుముందు ప్రధాన సర్వేల్లో తిండి ఖర్చును గత 30 రోజులకు అడిగేవారు. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువగా నమోదవుతోందని అనుమానించి, 1994-98 మధ్య చిన్న సర్వేల్లో కొన్ని కుటుంబాలను గత 7 రోజులకే అడిగి చూశారు. ఖర్చు ఎంత పెరిగి కనిపించిందంటే, ఆ లెక్కన పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క మనిషి ఆదాయమూ పెరగలేదు, మారిందల్లా ప్రశ్నే.

55వ విడతలో ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ఫారంలో పక్కపక్క గడుల్లో పెట్టారు. వారంలో నూనె ఎంత వాడారని అడిగితే అర లీటరు అన్న ఇల్లాలు, నెలకెంత అన్నప్పుడు రెండు లీటర్లకు తగ్గించి చెప్పలేదు కదా! ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాక్కోవడంతో నెల ఖర్చు పెరిగి నమోదైంది. 1993-94లో 36 శాతమున్న పేదరికం 26.1 శాతానికి దిగిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆర్థిక సంస్కరణల ఫలం పేదలకు అందిందనడానికి ఆ అంకె గట్టి సాక్ష్యమైంది. ఆర్థికవేత్తలు ఆంగస్ డీటన్, జాన్ ద్రెజ్ తిరిగి లెక్కవేసి, పేదరికం తగ్గిన మాట నిజమే కానీ అంత తగ్గలేదని తేల్చారు. 2004-05లో పాత 30 రోజుల ప్రశ్నకే తిరిగి వెళితే 27.5 శాతం వచ్చింది. ఆరేళ్లలో సాధించామన్నది పదకొండేళ్లకూ పూర్తికాలేదన్నమాట.

ఆ అనుభవం తర్వాతైనా పద్ధతి మార్చేటప్పుడు పాత, కొత్త లెక్కలను పక్కపక్కన పెట్టి చూపాల్సింది. 2011-12లో ఆ పని జరిగింది, రెండు పద్ధతుల్లోనూ వివరాలు సేకరించారు. 2022-23 అంకెలను 2011-12లో కొత్త పద్ధతిలో వచ్చిన అంకెలతోనే పోలుస్తున్నామని అధికారులు చెప్పేది అందుకే. కానీ 2022-23లో ప్రశ్నావళిని మూడు ముక్కలు చేసి ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లారు. కుటుంబాలను ఎంచుకునే తీరూ మారింది. ఇవేవీ 2011-12లో లేవు.

మధ్యలో 2017-18 సర్వే ఒకటి ఉంది. నాణ్యత సరిగా లేదంటూ 2019 నవంబరులో కేంద్రం దాన్ని పక్కనపెట్టింది. పత్రికలకు పొక్కిన నివేదిక ప్రకారం, ధరల పెరుగుదల తీసేస్తే తలసరి నెలవారీ వ్యయం 2011-12లోని 1,501 రూపాయల నుంచి 1,446కు తగ్గింది. నాణ్యత లోపమే కారణమైతే, ఆ లోపమేమిటో పరిశోధకులు పరీక్షించుకునేలా ముడి వివరాలు ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇక సమానత్వం మాట. సర్వేల పరిమితుల వల్ల అసమానత తక్కువగా కనిపించి ఉండొచ్చని, ఆ 25.5 అంకె ఇచ్చిన ప్రపంచ బ్యాంకు పత్రమే హెచ్చరించింది. ప్రపంచ అసమానతల డేటాబేస్ ప్రకారం ఆదాయంపై గిని 2004లో 52 ఉంటే 2023 నాటికి 62కు పెరిగిందన్న సంగతీ అందులోనే రాసింది. కేంద్రం ప్రకటన ఈ వాక్యాలను ఎత్తుకోలేదు.

ఈ అంకెలు పత్రాలకే పరిమితం కావు. ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి రేషన్ ఇవ్వాలో 2011-12 వినియోగ సర్వే ఆధారంగానే నిర్ణయించారు. పేదరికం కొలతపై వేసిన రంగరాజన్ సంఘం 2014లో సూచించిన దారిద్ర్యరేఖను మాత్రం కేంద్రం ఆమోదించనే లేదు.