పక్క సీటులో మనిషి కూర్చుంటే తెలిసిపోయే కారు

తేలికపాటి స్పోర్ట్స్ కారు కొన్నవారు మొదటి వారంలోనే గమనించే విషయం ఒకటి ఉంది. ఒంటరిగా నడిపినప్పుడు ఒకలా ఉన్న బండి, పక్క సీటులో మరొకరు కూర్చోగానే మరోలా ప్రవర్తిస్తుంది. ఇది భ్రమ కాదు, లెక్కకు అందే సంగతి. 725 కిలోల బండిలో 75 కిలోల డ్రైవరు కూర్చుంటే మొత్తం 800 కిలోలు అవుతుంది. అంతే బరువున్న మరో మనిషి ఎక్కితే 875 అవుతుంది. ఇంజను శక్తి మారలేదు కనుక బండి వేగం పుంజుకునే తీరు ఎనిమిదిన్నర శాతం దాకా మందగిస్తుంది. 1,800 కిలోల పెద్ద కారులో అదే మనిషి ఎక్కితే తేడా నాలుగు శాతం కూడా ఉండదు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేలిక కారును సొంతం చేసుకోవడమంటే ఏమిటో ఈ నిష్పత్తిలోనే ఉంది: పెద్ద బండ్లలో సోదిలోకి కూడా రాని విషయాలన్నీ ఇక్కడ లెక్కలోకి వస్తాయి. హాయినిచ్చేవీ, విసిగించేవీ రెండూ అక్కడి నుంచే పుడతాయి.

పైన చెప్పిన 725 కిలోలు ఊహించి వేసిన అంకె కాదు. 1996లో అమ్మకానికి వచ్చిన లోటస్ ఎలీస్ బరువు సుమారుగా అంతే, దాని 1.8 లీటర్ల ఇంజను 118 హార్స్‌పవర్ మాత్రమే ఇచ్చేది. లోటస్ సంస్థను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ 1950ల నుంచీ పట్టుకున్న సూత్రం సులువైనదే: శక్తిని పెంచితే బండి తిన్నని దారిలో మాత్రమే వేగం పుంజుకుంటుంది, బరువు తగ్గిస్తే మలుపులోనూ బ్రేకు మీదా కూడా లాభం కనిపిస్తుంది. దీనికి ఒక గొలుసుకట్టు ప్రభావం తోడవుతుంది. బండి తేలికైతే బ్రేకులు చిన్నవి చాలు, బ్రేకులు చిన్నవైతే చక్రాలు చిన్నవి చాలు, చక్రాలు తేలికైతే వాటిని పట్టి ఉంచే చట్రం మరింత సన్నగా ఉండవచ్చు. బరువు పెరిగేటప్పుడు కూడా ఇదే గొలుసు వెనక్కి తిరుగుతుంది, అందుకే కార్లు తరం మారిన కొద్దీ లావెక్కడం అంత మామూలైపోయింది. 1989లో సుమారు 940 కిలోలతో మొదలైన మాజ్డా ఎంఎక్స్-5, పాతికేళ్లకు పైగా గడిచి నాలుగో తరానికి చేరాక కూడా వెయ్యి కిలోల పరిసరాల్లోనే నిలవడం ఈ పరిశ్రమలో చిన్న విషయం కాదు.

తేలిక వల్ల కలిగే అసలు లాభం టైరు నేలను తాకే చోట ఉంది. ఒక్కొక్క టైరూ దాదాపు అరచేయంత జాగాలో మాత్రమే రోడ్డును తాకుతుంది. బడిలో నేర్చుకున్న ఘర్షణ సూత్రం ప్రకారం పైన పడే బరువు రెట్టింపైతే పట్టు కూడా రెట్టింపు కావాలి. రబ్బరు ఆ సూత్రాన్ని పూర్తిగా పాటించదు; భారం పెరిగే కొద్దీ పట్టు కూడా పెరుగుతుంది గాని, అదే నిష్పత్తిలో పెరగదు. అంటే ఒకే టైరును తేలిక బండికీ బరువైన బండికీ తొడిగితే, కిలో బరువుకు దక్కే పట్టు తేలిక బండికే ఎక్కువ. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకు ఒరిగినప్పుడు జరిగే నష్టం కూడా తేలికైన, ఎత్తు తక్కువైన బండిలో తక్కువగా ఉంటుంది. అందుకే మొదటితరం ఎలీస్ ముందు చక్రాలకు 185 మిల్లీమీటర్ల టైర్లే సరిపోయాయి. ఈనాటి మామూలు కుటుంబ కార్లలో చాలావాటికి అంతకన్నా వెడల్పైన టైర్లు ఉంటాయి.

స్టీరింగ్ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే యజమానులు ఎంతో ఇష్టంగా చెప్పేది దాని గురించే, సరిగా వివరించలేకపోయేదీ దాని గురించే. చక్రం తిరిగినప్పుడు టైరు నేలను తాకే భాగంలోని రబ్బరు ముందు అంచున రోడ్డును పట్టుకుని, వెనక్కి వెళ్లే కొద్దీ పక్కకు మరింత సాగుతుంది. సాగిన రబ్బరు తిరిగి లాగే బలం ఆ జాగా మధ్యబిందువుకు కాస్త వెనుకగా పనిచేస్తుంది కాబట్టి, చక్రాన్ని తిన్నగా నిలబెట్టాలని చూసే ఒక మెలి పుడుతుంది. మలుపులో మన చేతికి బిగువుగా తగిలేది ప్రధానంగా ఇదే. వేగం మరీ ఎక్కువై టైరు తన హద్దును సమీపించినప్పుడు వెనుక అంచున బాగా సాగిన రబ్బరు ముందుగా జారడం మొదలుపెడుతుంది. అప్పుడు బలం పనిచేసే చోటు ముందుకు జరిగి, ఆ మెలి తగ్గిపోతుంది. టైరు ఇంకా పూర్తిగా జారకముందే స్టీరింగ్ చేతిలో వదులైనట్టు అనిపించేది అందుకే. ఇది రోడ్డు ముందుగా పంపే కబురు. బరువైన కార్లలో ముందు చక్రాలను తిప్పడానికి మోటారో, హైడ్రాలిక్ పంపో సాయం చేయవలసి వస్తుంది, ఆ సాయంలోనే ఈ కబురులో కొంత కలిసిపోతుంది. ఇంజను వెనుకకు జరిగి, ముందు చక్రాలపై బరువు సగానికి బాగా తక్కువగా ఉన్న తేలిక కారులో సాయం లేకుండానే చేతులు పని జరుపుకుంటాయి. బండిని నిలిపి ఉంచి స్టీరింగ్ తిప్పేటప్పుడు మాత్రం భుజాలు నొప్పెడతాయి. కదిలాక ఆ కష్టం ఉండదు.

ఇంజను ఎక్కడుంది అన్నదానికి మరో ఫలితం కూడా ఉంది. కావడి మోసేవాడు ఉన్నట్టుండి పక్కకు తిరగలేడు, తిరిగితే ఆగలేడు. అదే బరువును మూటగట్టి వీపున వేసుకుంటే చటుక్కున తిరగగలడు. మొత్తం బరువు ఒకటే అయినా, అది తిరిగే అక్షానికి ఎంత దూరంలో ఉందన్నదే జడత్వ భ్రామకాన్ని, అంటే తిప్పబోతే వస్తువు చూపే మొండితనాన్ని, నిర్ణయిస్తుంది. ఇంజను, ఇంధనపు ట్యాంకు, మనుషులు అందరూ రెండు ఇరుసుల మధ్యనే ఉన్న బండి మలుపులోకి ఇష్టంగా దూరుతుంది. అయితే తిరగడానికి త్వరపడే వస్తువు అదుపు తప్పినప్పుడు కూడా అంతే త్వరగా తిరుగుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే బరువు ముందుకు ఒరిగి వెనుక టైర్లకు పట్టు సడలుతుంది, ఆ క్షణంలో బండి వెనుక భాగం ముందుకు రావాలని చూస్తుంది. ఇలాంటి కారు కొన్నవారు ట్రాఫిక్ లేని సురక్షితమైన ట్రాక్‌పై ఒక రోజైనా శిక్షణ తీసుకోవడం, శక్తి పెంచే విడిభాగాలు కొనడం కన్నా ఎన్నో రెట్లు మంచి ఖర్చు.

బ్రేకుల విషయంలో ఒక అపోహ ఉంది: బరువు సగమైతే ఆగే దూరం కూడా సగమవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఆపడానికి కావలసిన బలమూ, టైరుకు దొరికే పట్టూ రెండూ బరువుతో పాటే తగ్గుతాయి కాబట్టి దూరంలో తేడా కొద్దిపాటిదే. మారేది వేడి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న 900 కిలోల బండి గతిశక్తి సుమారు 347 కిలోజౌళ్లు. ఒక లీటరు నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా వేడి చేయడానికి అది చాలు. 1,800 కిలోల బండికి దానికి రెట్టింపు ఉంటుంది. ఆ శక్తి అంతా ప్రతిసారీ బ్రేకు డిస్కులలోకి వేడిగా చేరుతుంది. అందుకే తేలిక కారులో ప్యాడ్లు, డిస్కులు, టైర్లు ఎక్కువ కాలం మన్నుతాయి. నిజానికి చాలామంది యజమానుల టైర్లు అరగకముందే వయసు మీరి గట్టిపడిపోతాయి. టైరు మీది గాడుల అచ్చులు నిండుగా కనిపిస్తున్నా పక్క గోడ మీద ముద్రించిన తయారీ వారం, సంవత్సరం చూసుకోవడం అందుకే అవసరం.

ఇక బండిలోకి ఎక్కడం. ఎలీస్ వంటి కారులో తలుపు తెరిస్తే ఎదురయ్యేది వెడల్పైన, ఎత్తైన గడప. ముందు ఒక కాలు లోపలికి చాపి, సీటులోకి జారి, తర్వాత రెండో కాలు మడిచి లాక్కోవాలి. చూసేవారికి నవ్వు తెప్పించే ఈ ప్రహసనం వెనుక ఒక మంచి శాస్త్రం ఉంది. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, కాని సాగకుండా నిలిచే గుణం కూడా దాదాపు మూడో వంతే. లోహాన్ని మార్చినంత మాత్రాన లాభం లేదు. లాభం ఆకారంలో ఉంది. అదే బరువుకు మూడు రెట్లు మందమైన అల్యూమినియం రేకు వస్తుంది. రేకు వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అది ఉక్కు రేకు కన్నా తొమ్మిది రెట్లు దృఢంగా ఉంటుంది. గొట్టాల విషయంలో ఇంకా చిత్రం: మూసి ఉన్న పలుచని గొట్టం మెలి తిరగకుండా నిలిచే శక్తి, అది చుట్టుముట్టిన వైశాల్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది. కాగితాన్ని గొట్టంగా చుట్టి, అంచు అతికించకుండా ఒకసారి, అతికించి ఒకసారి మెలితిప్పి చూస్తే ఈ తేడా చేతికే తెలుస్తుంది. పైకప్పు లేని కారుకు ఆ దృఢత్వమంతా అడుగు నుంచే రావాలి, కనుక పక్క దూలాలు వీలైనంత పెద్ద పెట్టెల్లా ఉండక తప్పదు. ఆ దూలమే మనం తొక్కకుండా దాటవలసిన గడప. అలా కట్టిన ఎలీస్ చట్రం మొత్తం బరువు 68 కిలోలు, దానిలో కూర్చునే మనిషి కన్నా తక్కువ.

ఆ చట్రాన్ని వెల్డింగుతో కాక ఎపాక్సీ జిగురుతో అతికించారు. ఉష్ణచికిత్సతో బలం పొందిన అల్యూమినియం మిశ్రమం వెల్డింగు వేడికి అతుకు చుట్టూ బలహీనపడుతుంది, కాబట్టి అక్కడ లోహాన్ని మందంగా ఉంచాలి. జిగురుకు ఆ దోషం లేదు, పైగా బలాన్ని అతుకు పొడవునా పరుస్తుంది. దానికి చేతకానిది అంచు నుంచి పొరలా ఊడిపోకుండా నిలవడం, అందుకు అక్కడక్కడా మరలు తోడిచ్చారు. యజమాని దృష్టిలో దీనికి ఒక అర్థం ఉంది. ఇలాంటి చట్రం గట్టి దెబ్బకు వంగితే సుత్తితో సరిచేసే మామూలు మరమ్మతు కుదరదు, చాలాసార్లు చట్రాన్నే మార్చవలసి వస్తుంది. అల్యూమినియానికి ఉక్కు బోల్టు తగిలిన చోట ఉప్పునీరు చేరితే విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం తినేయబడుతుంది కాబట్టి, వాడిన కారు కొనేవారు మెరిసే రంగును కాక కింద ఆ బోల్టుల చుట్టూ చూడాలి. పైనున్న ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, సొట్ట పడదు. కాని ఎవరైనా బరువుగా ఆనుకుంటే పై పూతలో సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి.

నిశ్శబ్దానికి కూడా బరువుంటుంది. గోడ ద్రవ్యరాశి రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందన్నది ధ్వనిశాస్త్రంలో పేరున్న నియమం. తేలిక కారులో ఆ ద్రవ్యరాశినే తీసేశారు గనుక ఇంజను, గాలి, చక్రం ఎగరవేసిన ప్రతి గులకరాయి వినిపిస్తాయి. గంట ప్రయాణం దాటితే చెవులు అలిసిపోతాయి, దూర ప్రయాణాలు చేసేవారు చెవుల్లో దూది పెట్టుకోవడం అతి ఏమీ కాదు.

వానలో మరికొంత జాగ్రత్త కావాలి. చక్రం కింద నీటి పొర నిలిచి టైరు తేలిపోయే వేగం, టైరులోని గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని 1963లో నాసా పరిశోధకులు విమాన చక్రాల మీద చూపించారు. తేలిక కార్లకు పీడనం తక్కువగా ఉంచుతారు. ఆ సూత్రం ప్రకారం చదరపు అంగుళానికి 36 పౌండ్ల పీడనం ఉన్న నున్నటి టైరు లోతు నీటిలో గంటకు సుమారు 100 కిలోమీటర్ల దగ్గర తేలితే, 26 పౌండ్ల టైరు 85 దగ్గరే తేలుతుంది. అచ్చులున్న కారు టైర్లకు అంకెలు మారతాయి గాని దిశ మారదు. అందం కోసం వెడల్పు టైర్లు తొడిగేవారు ఈ సంగతి ఆలోచించాలి. పక్కగాలి కూడా అంతే: గాలి తోసే బలం బండి పక్క వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బండి పక్కకు జరగడం మాత్రం దాని బరువును బట్టి ఉంటుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఢీకొన్నప్పుడు ఏమవుతుందన్నది. 900, 1,800 కిలోల రెండు కార్లు చెరొక 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని కలిసిపోయాయనుకుందాం. ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం రెండూ పెద్ద కారు వెళ్తున్న దిశలో గంటకు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అంటే పెద్ద కారు వేగంలో మార్పు 33, చిన్న కారు వేగంలో మార్పు 67. దేహాలకు తగిలేది ఆ మార్పే. ఎంత తెలివైన చట్రమైనా ఈ లెక్కను తిరగరాయలేదు; గోడను ఢీకొట్టే పరీక్షలో తేలిక కారు బాగా నెగ్గవచ్చు, తనకన్నా రెట్టింపు బరువును ఢీకొట్టినప్పుడు ఆ మార్కులు అలాగే పనికిరావు.

విద్యుత్ యుగంలో ఈ జాతి కార్ల భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్నకు ఎలీస్ చరిత్రలోనే ఒక పాత ప్రయోగం ఉంది. 2008లో వచ్చిన తొలి టెస్లా రోడ్‌స్టర్ ఆ చట్రం ఆధారంగానే తయారైంది. దాని బ్యాటరీ ఒక్కటే సుమారు 450 కిలోలు, బండి మొత్తం 1,200 కిలోలు దాటింది. ఆ బ్యాటరీలో నిండే 53 కిలోవాట్ అవర్ల శక్తి, వేడి రూపంలో లెక్కిస్తే, నాలుగున్నర కిలోల పెట్రోలుకు మించదు. ఇంజను ఆ వేడిలో నాలుగింట మూడు వంతుల దాకా వృథా చేస్తుందని ఒప్పుకున్నా అంతరం చాలా పెద్దది. మరో తేడా కూడా ఉంది, అది తేలిక కారు యజమానికే తెలుస్తుంది. 40 లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు దానిలో ఉండే పెట్రోలు 30 కిలోలు, అంటే బండి బరువులో నాలుగు శాతం. ప్రయాణం సాగే కొద్దీ అది తరిగిపోతూ, సాయంత్రానికి బండి ఉదయం కన్నా కాస్త చురుగ్గా కదులుతుంది. బ్యాటరీ నిండినా ఖాళీ అయినా అదే 450 కిలోలు.