వేడికి లెక్క చెప్పే గిన్నె

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"వేడిని తూచవచ్చా తాతయ్యా?" అని మొన్న ఫోనులో అడిగారు. తూచవచ్చు. కానీ థర్మామీటరు ఒక్కటే చాలదు. అది ఉష్ణోగ్రత చెబుతుంది తప్ప, ఎంత వేడి చేతులు మారిందో చెప్పదు. అందుకు కెలోరీమీటరు కావాలి. బడిలో నా విద్యార్థులు వాడింది ఒక చిన్న రాగి గిన్నె, కలపడానికి ఒక కడ్డీ, వేడి బయటికి పోకుండా చుట్టూ ఉన్ని కుక్కిన చెక్కపెట్టె. అంతే.

నిన్న మీ కోసం వంటింట్లోనే చేసి చూశాను. 200 గ్రాముల ఇనుప తూకపు రాయికి దారం కట్టి, మరుగుతున్న నీళ్లలో పది నిమిషాలు ఉంచాను. మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అందువల్ల ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పుస్తకంలో ఉందని 100 వేసుకోకండి. కెలోరీమీటరుకు బదులుగా థర్మోకోల్ గ్లాసులో 28 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు పోశాను. రాయిని పైకి తీసి, చుక్కలు విదిల్చి, చప్పున అందులోకి దించి మెల్లగా కలిపాను. థర్మామీటరులో గీత పాకుతూ పాకుతూ 35 దగ్గర నిలిచింది.

ఇక్కడే ఆగి చూడండి. రాయి 63 డిగ్రీలు దిగితే నీళ్లు ఎక్కింది 7 డిగ్రీలే! రెండింటి బరువూ ఒకటే కదా? గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కెలోరీ కావాలి. అంటే నీళ్లు పుచ్చుకున్నది 200 × 7 = 1400 కెలోరీలు. అదంతా రాయి ఇచ్చిందే. 1400ని 200తో, 63తో భాగిస్తే 0.11 వస్తుంది. అదే ఇనుము విశిష్టోష్ణం, అంటే గ్రాము ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన కెలోరీలు. ఇన్నేళ్లు చేయించినా ఆ అంకె తేలినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1780ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు లావోయిజియే, లాప్లాస్ మంచు నింపిన కెలోరీమీటరులో గినీపందిని కూర్చోబెట్టి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. శ్వాస కూడా నెమ్మదిగా సాగే దహనమేనని అలా తేల్చారు. బిస్కెట్ పొట్లం మీది కిలోకెలోరీ కూడా ఈ లెక్కే: కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించే శక్తి.

మీరు రాగి తీగను పైతొడుగు తీసి, చుట్టగా చుట్టి చేయండి. అమ్మ పక్కన ఉండాలి. 0.09 దగ్గర రావాలి. తక్కువ వస్తే చుట్ట గాలిలో ఎక్కువసేపు వేలాడినట్టు, ఎక్కువ వస్తే వేడినీటి చుక్కలు దానితోపాటు దిగినట్టు. ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ
తాతయ్య